విదేశీ సాయం ఆగితే మన పప్పుశనగకు ఏమవుతుంది?

పేద దేశాల్లో ఆకలి తీర్చడానికి, వ్యవసాయ పరిశోధనకు నిధులిచ్చిన అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేసింది. జులై 1న ఆ సంస్థే మూతపడింది. దీనితో పాములపాడుకు ఏం పని అనుకోవద్దు.

మన నల్లరేగడిలో ఏళ్లుగా వేస్తున్న జేజీ-11 పప్పుశనగ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి ఇచ్చిన రకం. ఇక్రిశాట్ 1972 నుంచి పలు దేశాల ప్రభుత్వాలు, దాతల నిధులతో నడుస్తోంది. ఆ దాతల్లో యూఎస్‌ఎయిడ్ ఒకటిగా ఉండేది. బియ్యం సాయం ఆగితే ఆ నెలే తెలుస్తుంది. పరిశోధన ఆగితే పదేళ్లకు, ఎండు తెగులును తట్టుకునే కొత్త రకం దొరకనప్పుడు తెలుస్తుంది.

అలాగని కంగారు పడనక్కర్లేదు. యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ-47 మన నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిందే. మన ప్రభుత్వాలు ఇలాంటి స్థానాలకు నిధులు తగ్గించకుండా చూడమని అడగడం మన హక్కు.

మన చేతిలో ఉన్న పని విత్తనం కాపాడుకోవడం:

• పప్పుశనగ స్వపరాగ సంపర్క పంట. మంచి చేలో విత్తనం రెండు మూడేళ్లు వాడుకోవచ్చు.
• బెరుకులు, తెగులు మొక్కలు ముందే పీకేయండి.
• తేమ 9 శాతం మించకుండా ఆరబెట్టి నిల్వ చేయండి.
• విత్తే ముందు తడి గోనెసంచిలో 100 గింజలు పెట్టి చూడండి. కనీసం 85 మొలవాలి.
• కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించండి.

చేలో మొక్కలు ఎండుతుంటే రైతు సేవా కేంద్రంలో వెంటనే చెప్పండి. కొత్త రకానికి పని అక్కడే మొదలవుతుంది.