ఏకప్రశ్న మైత్రి

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మనదేశమున నొక వింత జరుగుచుండును. నిన్నటివరకు నొకరి నీడ నొకరు సహింపని పక్షములు నేడొక్క వేదికపై నాసీనములగును. కారణ మడిగినచో నొక్కటే సమాధానము: "ఈ విషయమున మాకేకాభిప్రాయము కలదు, తక్కినవి తరువాత చూచుకొందుము." ఈ "తరువాత" యను మాటయే మాకు భయము గొల్పుచున్నది.

ఖిలాఫతు చరిత్రకంటె దీనికి మంచి నిదర్శనము వేరొండు లేదు. మొదటి ప్రపంచసంగ్రామమున టర్కీ యోడిన పిమ్మట ఖలీఫా యధికారమునకు భంగము కలుగునని భారతీయ మహమ్మదీయులు కలతచెందిరి. 1919 నవంబరులో ఢిల్లీయందు జరిగిన ఖిలాఫతు సభకు గాంధీమహాత్ముడు వెళ్లెను. గోసంరక్షణమును ప్రతిఫలముగా నడుగుటకు ఆయన యొప్పుకొనలేదు. కష్టకాలమున మిత్రునితో బేరమాడరాదని యాయన భావము. ఆ యుదాత్తతకు శిరస్సు వంచుచున్నాము. కాని బేరమాడకుండుట వేరు. ముందు తీర్చుకొనవలసిన వ్యవహారమును మాటలాడకయే విడిచిపెట్టుట వేరు.

1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెసు సహాయనిరాకరణము నంగీకరించెను. దేశమునకు గలిగిన లాభ మల్పము గాదు. హిందువులును మహమ్మదీయులును కలిసి చెరసాలలకు నడచిరి. పెదనందిపాడు రైతులు పన్ను నిరాకరించిన దినములును అవియే. ఆ యుత్సాహమును చులుకన చేయుట కృతఘ్నత. అయినను మసీదుల ముందటి వాద్యములు, శాసనసభలలో ప్రాతినిధ్యము, ఉద్యోగములలో పాలు, ఇవి యన్నియు మూసిన పెట్టెలో నుండిపోయెను. ఎవరు మూత యెత్తబోయినను "ఇప్పు డదేల?" యనువారే.

ఒడంబడిక యే వస్తువు నాశ్రయించియున్నదో యా వస్తువు నశించినచో నొడంబడికయు నశించునని న్యాయస్థానముల మెట్లెక్కినవారందరు నెరుగుదురు. పైగా ఖిలాఫతు మనచేతిలోని వస్తువు కాదు. 1922 నవంబరు 1వ తేదీన టర్కీ జాతీయసభ సుల్తాను పదవిని రద్దుచేసెను. 1924 మార్చి 3వ తేదీన ఖలీఫా పదవినే తొలగించెను. చేసినవారు బ్రిటిషువారు కారు. ముస్తఫా కెమాలు నాయకత్వమున తురుష్కులే!

అంతకు రెండుమాసములకు పూర్వమే, 1923 డిసెంబరులో, మన కాకినాడలో కాంగ్రెసు కూడెను. అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ. చిత్తరంజన్ దాసుగారి వంగదేశపు టొడంబడిక యచ్చట చర్చకు వచ్చెను. మూసిన పెట్టెలోని విషయములే యందున్నవి. దాని నిబంధన లన్నియు మంచివని మే మనము. ఉద్యోగములలో మహమ్మదీయులకు నూటికి 55 అనుట పలువురకు కంటకమయ్యెను. సవరింపవచ్చును గదా! కాంగ్రెసు దానిని త్రోసివైచెను. దాని స్థానమున నాచరణకు వచ్చినది లేదు. 1924 సెప్టెంబరులో కోహటున రక్తము ప్రవహించెను. గాంధీమహాత్ముడు ఢిల్లీలో ఇరువదియొక్క దినము లుపవసించెను. ఆ యుపవాసము నారంభించినది మహమ్మదాలీ గృహముననే. నాయకుల స్నేహము నిలిచియే యుండెను. అది వీధులలోనికి దిగుటకు త్రోవ యెవరును వేయలేదు.

కావున నేడు చేతులు కలుపుచున్న పక్షములను ఓటర్లు మొగమాటము లేక యడుగవలెను: మీ యొక్క ప్రశ్న తీరిన మరునాడు నీటిపంపకమున మీ మాట యేమి? భూమి విషయమున నేమి? ఆ పలుకులు కాగితముపై నున్నవా?

కాగితమొక్కటియే చాలదనుటకు సాక్ష్యమును మన యింటనే కలదు. ఆంధ్రరాష్ట్ర మను నొక్క కోరికకై 1937 నవంబరు 16వ తేదీన చెన్నపురిలో, నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున, కోస్తా, రాయలసీమ నాయకులు తక్కిన ప్రశ్నలనుగూడ వ్రాసికొనిరి. ఇది ఖిలాఫతు మైత్రికంటె నెంతయో మేలైన పద్ధతి. 1953లో రాష్ట్ర మేర్పడగా రాజధాని కర్నూలునకును, మరుసటి యేట నున్నత న్యాయస్థానము గుంటూరునకును వచ్చెను. కాని తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగమున పది సంవత్సరములు, అవసరమైనచో నంతకు మించియు, రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్య మియ్యవలెనను నిబంధన యున్నదే, దానిని తప్పినచో నెవరియొద్దకు పోవలెనో యా పత్రమున వ్రాయబడలేదు. సీమవాసులు నేటికిని దానిని చేతబట్టుకొని యడుగుచునే యున్నారు.