పాత కంప్యూటరునకు ఏ డౌన్‌లోడు సాధనము?

ఒక గిగాబైటు ర్యాము మాత్రమే గల పాత కంప్యూటరున బ్రౌజరును తెరచి, లినక్సు ఐఎస్‌ఓ వంటి పెద్ద ఫైలును దింపుకొనఁ బూనినచో, ఆ బ్రౌజరే ర్యామునంతయు నాక్రమించి, మౌసు బాణమును సైతము కదలనీయకుండుట యెల్లరెరిఁగినదే. అట్టి యంత్రమునకు కమాండ్ లైను సాధనమే శరణ్యము.

అట్టి సాధనములలో 1996 నుండి వాడుకలోనున్న డబ్ల్యుగెట్ పట్ల నాకు పక్షపాతము కలదు. కరెంటు పోయి పని నడుమ నాగినను, ఆజ్ఞకు ‘హైఫన్ సి’ని జేర్చి మరల నడపినచో, సర్వరు సమ్మతించునేని, ఆగినచోటి నుండియే యది కొనసాగించును. మఱియొక సాధనమగు కర్ల్ సమర్థమే కాని, అది ప్రోగ్రామర్ల చేతి పనిముట్టు.

మూఁడవ సాధనమగు ఏరియా2 ఒకే ఫైలును ఖండములుగా పలు కనెక్షన్లపై తెచ్చును. టొరెంటులను గూడ గ్రహించును. ర్యామును స్వల్పముగనే వాడును. ఐనను, ముందుగానే డిస్కుపై ఫైలునకు స్థలము నింపియుంచు దాని యలవాటు ఎక్స్‌టి3, ఫ్యాట్32 డిస్కులకు భారమగును గావున, ‘ఫైల్ ఎలొకేషన్’ను ‘నన్’గా మార్చవలెను. ఇంటి లైనే నెమ్మదియైనప్పుడు పదహారు కనెక్షన్లు పెట్టి మురియుట, సన్నని కుళాయి క్రింద పదహారు బిందెలు పేర్చుట వంటిదే.

టొరెంటులు కావలసినవారికి ఏరియా2. తక్కినవారికి డబ్ల్యుగెట్ చాలును.