పేరొకటే, రైలే వేరు

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి. ఒకటి సైబర్ టవర్స్‌కు దగ్గర్లో, రోడ్డు మీద స్తంభాలెక్కి కూర్చున్న మెట్రో స్టేషన్. రెండోది బోరబండ, హఫీజ్‌పేటల నడుమ నేల మీదే ఉన్న చిన్న ఎంఎంటీఎస్ స్టేషన్. ఇక్కడ దిగి ‘హైటెక్ సిటీకి వచ్చేశాం’ అనుకునే కొత్తవారికి, ఆ టవర్లు ఇంకా రెండు కిలోమీటర్ల పైనే ఉన్నాయని ఆటోవాలాలే చెప్పాలి.

వయసులో మాత్రం చిన్న స్టేషన్‌దే పెద్దరికం. ఎంఎంటీఎస్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. మెట్రో హైటెక్ సిటీకి చేరింది 2019 మార్చిలో. చార్జీల్లోనూ తేడా ఎక్కువే. 2017లో మెట్రో మొదలైనప్పుడే కనీస చార్జీ 10 రూపాయలు, గరిష్ఠం 60. ఎంఎంటీఎస్‌లో 5 రూపాయల టికెట్టుతో రైలెక్కవచ్చు. ఐటీ కంపెనీ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకు, ఆ అద్దాల మేడలు తుడిచే ఆయమ్మకు నెలాఖరుకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

అయినా వాళ్లంతా ఈ రైలు ఎందుకెక్కరు? మెట్రోకు ఎవరూ టైంటేబుల్ చూసుకుని బయల్దేరరు. కాసేపు నిలబడితే అదే వస్తుంది. ఎంఎంటీఎస్‌కు టైంటేబుల్ చూసుకోవాలి, ఆపైన దాన్ని నమ్మాలి. ఒక్క రైలు తప్పితే షేర్ ఆటోయే దిక్కు. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. డ్యూటీకి ఆలస్యమైతే జీతంలో కోత వేరే.

తప్పు చిన్న స్టేషన్‌ది కాదు. సికింద్రాబాద్-వాడి మార్గం 1874లో, నిజాం జమానాలో వేసింది. ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లకూ, గూడ్సు బళ్లకూ ఇదే దారి. ముంబై నగరంలో లోకళ్లకు ప్రత్యేకంగా పట్టాలున్నాయి. ఇక్కడ లేవు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్ పక్కకు తప్పుకోవాల్సిందే.

2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిపోయిన ఎంఎంటీఎస్ 15 నెలల తర్వాత, 2021 జూన్ 23న మళ్లీ కదిలింది. అదీ 10 సర్వీసులతో! ఆ 15 నెలల్లో స్కూటరు కొనుక్కున్నవాళ్లు మళ్లీ ప్లాట్‌ఫారం ఎక్కాలంటే గట్టి కారణమే ఉండాలి. రెండో దశ కింద 2023లో మేడ్చల్‌కు, 2024 మార్చిలో ఘట్‌కేసర్‌కు రైళ్లు వేశారు. పటంలో గీతలు పొడుగయ్యాయి. రైలుకూ రైలుకూ మధ్య నిరీక్షణ తగ్గితేనే వాటికి విలువ.

దేశంలో 508 స్టేషన్ల ఆధునికీకరణకు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగినప్పుడు ఆ జాబితాలో హైటెక్ సిటీ పేరూ ఉంది. స్టేషన్‌కు కొత్త హంగులు వస్తే సంతోషమే. పొద్దున షిఫ్టుకు పరిగెత్తే గార్డు మాత్రం వాటిని చూస్తూ నిలబడడు. అతని చూపంతా రైలొచ్చే దిక్కుకే.