"ఎనీ క్వశ్చన్స్?" అన్నాక ఎందుకంత నిశ్శబ్దం?

మొన్న మన సెమినార్ హాల్లో సోలార్ కరెంటు మీద గెస్ట్ లెక్చర్ జరిగింది. వచ్చినాయన ఏళ్ల తరబడి ఆ పనిలోనే ఉన్న ఇంజనీరు, పైగా తెలుగువాడు. గంటసేపు బాగా చెప్పారు. చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. అంత పెద్ద హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, ఫోటోలు దిగారు. మనమేమో అటెండెన్స్ షీటు కోసం తోసుకున్నాం.

నిజానికి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. మధ్యాహ్నం ఎండ దంచికొట్టి, సోలార్ కరెంటు వాడకం కంటే ఎక్కువైపోతే ఆ మిగులును ఏం చేస్తారు? దీన్ని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా ఎలా అడగాలా అని మనసులో కూడబలుక్కుంటుండగానే వోట్ ఆఫ్ థాంక్స్ మొదలైపోయింది. పది నిమిషాల తర్వాత క్యాంటీన్లో అదే ప్రశ్న తెలుగులో గడగడా వచ్చేసింది. పక్కనున్నవాడు "నాకూ అదే డౌటు రా" అన్నాడు.

జవాబు తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒక పద్ధతి ఏమిటంటే, మిగులు కరెంటుతో కింది రిజర్వాయరు నీళ్లను పైకి తోడిపెట్టుకోవడం. సాయంత్రం వాడకం పెరిగాక అవే నీళ్లను కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. కొంత నష్టం ఉంటుంది, అయినా వృథా చేసుకోవడం కంటే నయం. ఉదాహరణ కోసం విదేశాలకు పోనక్కర్లేదు. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. వాటిని వెనక్కి తిప్పితే సాగర్ వైపు నీళ్లను తిరిగి శ్రీశైలంలోకి తోడే పంపులవుతాయి. ఇదంతా అనుభవమున్న మనిషి నోట వినాల్సింది. నేనే నోరు మూసుకుని పోగొట్టుకున్నాను.

"లెక్చర్లు వింటే ఏమొస్తుంది?" అనేవాళ్లూ ఉన్నారు. 1812లో లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేస్తున్న మైకేల్ ఫారడేకు, ఆ షాపుకొచ్చే ఒకాయన హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. బొమ్మలతో సహా నోట్సు రాసుకున్నాడు, దాన్ని తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. 1831లో అతను కనిపెట్టిన ఇండక్షన్ సూత్రం మీదే మన ల్యాబులో ట్రాన్స్‌ఫార్మరూ జనరేటరూ నడుస్తున్నాయి. తర్వాత అదే సంస్థలో పిల్లల కోసం 19 ఏళ్లు క్రిస్మస్ ఉపన్యాసాలు తనే ఇచ్చాడు. ఒక కొవ్వొత్తి వెలిగించి దాంతోనే కెమిస్ట్రీ అంతా చెప్పాడు.

ఆయన మేధావి, మనకెలా కుదురుతుంది అంటారా? నోట్సు రాసుకోవడానికి మేధావి కానక్కర్లేదు. వినాలన్న కోరికతో వెళ్లాడు, విన్నదాన్ని వదల్లేదు. మనల్నేమో సీట్లు నింపడానికి తోలుకుపోతారు. అక్కడ తప్పు మనదొక్కరిదే కాదు.

"ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషే కదా, ఇక్కడైనా అలవాటు చేసుకోవాలి" అనొచ్చు. నిజమే. కానీ ముందు అడగడం అలవాటవ్వాలి. ప్రశ్న గొంతులోనే ఆగిపోతే ఏ భాషా రాదు.

అందుకే రెండు పనులు జరగాలంటాను. ఒకటి, గెస్ట్ లెక్చర్‌కు అటెండెన్స్ తీసేయాలి. పాతికమందే వచ్చినా వినేవాళ్లు వస్తారు. రెండు, చివరి ఇరవై నిమిషాలు ప్రశ్నలకే ఉంచాలి. ఏ భాషలోనైనా చీటీ మీద రాసిస్తే చాలు, పేరు కూడా అక్కర్లేదు. ఆ చీటీలు పోగుచేసి చదివే పని, ప్రశ్నలూ జవాబులూ తెలుగులో ఈ పత్రికలో వేసే పని మన క్లబ్బు తీసుకోవచ్చు.

వచ్చే లెక్చర్ నోట్సు నేను రాస్తాను. మొదటి చీటీ కూడా నాదే. మిగతావి మీరివ్వండి.