షిఫ్టు అయ్యేదాకా ఆగదు గుండె!

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు. ఓ కార్మికుడికి ఛాతీలో బరువు, ఎడమచెయ్యి లాగుడు, ఒంటినిండా చెమటలు. 'గ్యాసేమోలే... షిఫ్టయ్యాక చూద్దాం' అనుకుంటాడు. పక్కవాళ్లు సోడా తాగమంటారు. సంగారెడ్డి దాకా ఏ ఫ్యాక్టరీలోనైనా జరగగలిగేదే ఇది.

గుండెకు రక్తమిచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే, అరగంటలోపే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆరు గంటలు గడిచేసరికి ఆ భాగం చాలావరకు పోతుంది. పోయిన కండరం తిరిగిరాదు, మచ్చే మిగులుతుంది.

ఒకప్పుడు దీనికి మంచమే మందు! 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఏడు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నారు. 1960ల్లో ప్రత్యేక గుండె విభాగాలు వచ్చాయి. లయ తప్పిన గుండెను విద్యుత్ షాక్‌తో దారికి తెచ్చి ఎందరినో బతికించాయి. కండరాన్ని మాత్రం కాపాడలేకపోయాయి.

ఆ పని గడ్డను కరిగించే మందులు చేశాయి. 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో 17 వేల మందికిపైగా పాల్గొన్నారు. ఈ మందులు అందనివారిలో ఐదు వారాల్లో నూటికి 13 మంది చనిపోతే, స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ అందినవారిలో 8 మందే. ఆ తర్వాత బెలూన్‌తో నాళాన్ని తెరిచి స్టెంట్ అమర్చే యాంజియోప్లాస్టీ గుండెపోటుకు ప్రధాన చికిత్స అయింది. 1998లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవకైన స్టెంట్ రూపొందించింది హైదరాబాద్‌లోనే.

అయితే పటాన్‌చెరు నుంచి పంజగుట్ట నిమ్స్‌కు పాతిక కిలోమీటర్లకు పైనే. దారిలో మియాపూర్, కూకట్‌పల్లి ట్రాఫిక్! రెండు గంటల్లో యాంజియోప్లాస్టీ కుదరదనుకుంటే, ముందు దగ్గర్లోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపడం మేలు. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేపట్టిన 'స్టెమీ' కార్యక్రమం ఉద్దేశం అదే. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె నిపుణులు చూస్తారు. వాళ్లు సరేనంటే అక్కడికక్కడే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒక్క డోసు చాలు.

ఆ కార్మికుడు తెల్లారేదాకా ఆగితే? ప్రాణం దక్కినా, బలహీనపడిన గుండెతో నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బరువులెత్తి బతికే మనిషికి అది ఉద్యోగం పోవడమే, ఇల్లు గడవకపోవడమే. అదే మొదటి గంటలో చేరితే, కొన్ని వారాల్లో మళ్లీ పనిలోకి వెళ్లే అవకాశాలు ఎక్కువ.

అందుకే ఛాతీలో బరువు, చెమటలు కనిపిస్తే సోడా వద్దు, బైక్ మీద ప్రయాణం అసలే వద్దు. 108కి ఫోన్ చేయాలి. ముందు ఈసీజీ తీయించాలి. గ్యాసని తేలితే నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు!