సబర్ అంటే దర్ద్‌ని దాచుకోవడం కాదు

షరాబ్ మానేసిన మనిషికి నొప్పొస్తే మన ఇళ్లలో రెండు ఫత్వాలు తయారుగా ఉంటాయి. ఒకటి: "తాగినప్పుడు తెలీలేదా? సబర్ చెయ్, గునాలు కడుక్కుపోతాయి." రెండోది: "గోలీ హరామ్ కాదుగా, మెడికల్ షాపులో ఏదో ఒకటి తెచ్చుకుని మింగు." రెండూ మొహబ్బత్‌తో అన్న మాటలే కావచ్చు. కానీ రెండూ మనిషిని మళ్లీ సీసా దగ్గరికో, ఇంకో నషా దగ్గరికో తోసేవే అని నా ఖయాల్.

మా మామూ లారీ డ్రైవర్. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకుని నడుము పోగొట్టుకున్నాడు. రాత్రిపూట ఆ నొప్పి తెలీకుండా ఉండటానికే తాగుడు మొదలైంది. తౌబా చేసి మానేశాక షరాబ్ పోయింది గానీ దర్ద్ ఎక్కడికీ పోలేదు. ఏళ్లతరబడి తాగిన ఒంట్లో నరాలు దెబ్బతిని అరికాళ్లు మండుతాయి. కొందరికి తుంటి ఎముకకు రక్తం అందక పాడైపోతుంది. మానేసిన కొత్తలో నిద్ర రాదు, నిద్ర లేకపోతే నొప్పి ఇంకా పెరుగుతుంది. రాత్రి రెండింటికి మంచం మీద లేచి కూర్చున్న అలాంటి మనిషికి సబర్ మీద తఖ్రీర్ ఇవ్వడం మనకు చాలా సులువు.

నిలబడలేనివాడు కూర్చుని నమాజ్ చదవొచ్చు, మరీజ్ రోజాని తర్వాతికి వాయిదా వేసుకోవచ్చు అన్న దీన్ మనది. అందులో ఇలాజ్ చేయించుకోకుండా బాధపడమని ఎక్కడుంది? దవా తీసుకుంటూ అల్లాహ్ మీద భరోసా ఉంచడమే సబర్.

ఇక రెండో ఫత్వా సంగతి. నొప్పి గోలీ అంటే ఒకటే గోలీ కాదు. పారాసిటమాల్ పని జిగర్ మీద పడుతుంది. మామూలు మనిషికి రోజుకు 4 గ్రాములు హద్దయితే, ఏళ్లపాటు బాగా తాగినవాళ్లకు 2 గ్రాములు దాటొద్దని సాధారణంగా డాక్టర్లు చెప్తారు. అంటే 650 గోలీలు రోజుకు మూడే. జిగర్ ఇప్పటికే ఖరాబైతే ఆ లెక్క కూడా డాక్టరే చెప్పాలి. జలుబు గోలీల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ కలిపి లెక్కేసుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండు చేసి రక్తం కార్చొచ్చు, గుర్దాలను దెబ్బతీయొచ్చు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు మరీ ఖతర్నాక్. ట్రమడాల్ అయితే నల్లమందు ఖాందాన్‌కు చెందింది. అలవాటవుతుందనే 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. ఫిట్స్ కూడా తెప్పించగలదు. నిద్రకని ఇచ్చే ఆల్‌ప్రాజోలం, మెదడులో షరాబ్ తట్టే తలుపునే తడుతుంది. ఈ రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పత్తా మీద ఎర్ర గీత కనిపిస్తే, చిట్టీ లేకుండా అది అమ్మకూడదని అర్థం.

ఇన్ని తెలియకపోయినా ఫర్వాలేదు, డాక్టర్‌కి నిజం చెప్తే చాలు. కష్టమంతా అక్కడే. మామూని మొదట చూసిన డాక్టర్ "తాగుడు అలవాటుందా?" అని అడిగితే మా ముమానీ "తౌబా తౌబా, మా ఇంట్లో ఎవరూ ముట్టరు" అంది. ట్రమడాల్, నిద్ర గోలీ రాసి పంపాడు. రెండు నెలల్లో మామూ రోజు గడవకముందే గోలీలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. షరాబ్ తాగట్లేదు కదా అని ఇంట్లో అందరికీ ఇత్మినాన్. ఇంకో డాక్టర్‌కి అసలు సంగతి చెప్పాకే దారి దొరికింది. ఆయన గోలీలను ఒక్కసారిగా ఆపలేదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాడు. నరాల నొప్పికి వేరే దవా, ఫిజియోథెరపీ, రోజూ కాస్త నడక, కాపడం. గోలీల డబ్బా ముమానీ చేతిలో. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఫజర్‌కి మస్జిద్‌దాకా నడిచి వెళ్తున్నాడు.

మన గునాలను మనమే చాటుకోవద్దని పెద్దలు చెప్పింది నిజమే. కానీ డాక్టర్ ముందు చెప్పేది చాటుకోవడం కాదు. ఆయన దగ్గర ఆ మాట అమానత్. ఇజ్జత్ కోసం దాచితే ప్రాణం మీదికొస్తుంది. తాగుడు మానడానికి నాల్‌ట్రెక్సోన్ వాడుతున్నవాళ్ల మీద ట్రమడాల్, మార్ఫిన్ లాంటివి పనిచేయవు. ఆపరేషన్ అంటే ఆ సంగతి ముందే చెప్పాలి. డైసల్ఫిరామ్ వాడేవాళ్లు షరాబే కాదు, ఆల్కహాల్ ఉన్న సిరప్ తాగినా గుండె దడ, వాంతులు, తిప్పలు. మన పెద్దవాళ్లు ఒళ్లు నొప్పులకిచ్చే అరిష్టాల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద రాసే ఉంటుంది, చదవండి.

ఇంకో మాట. రమ్జాన్ చాంద్ కనపడగానే మానేద్దామనుకునేవాళ్లు చాలామంది. మాషా అల్లాహ్, నియ్యత్ మంచిది. కానీ రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి మూడు నాలుగు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం జరగొచ్చు. ఆ హాలత్‌లో జిన్ పట్టిందని ఆమిల్ దగ్గరికి తీసుకెళ్తే మనిషి దక్కడు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మానేది డాక్టర్ కనుసన్నల్లో మానాలి. అలాగే నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, నడుం నొప్పితో కాళ్లు పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి, నషా మానడానికి సర్కారు హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు.

మన ఇమామ్ సాహెబ్‌లకు నా గుజారిష్ ఒకటే. షరాబ్ హరామ్ అని జుమా ఖుత్బాలో చెప్తూనే ఉన్నారు, చెప్పాలి కూడా. మానేసినవాడి గురించి కూడా ఒక్క జుమా మాట్లాడండి. అతను సఫ్‌లో మన పక్కనే నిలబడి ఉంటాడు. నడుం పట్టేసి రుకూ సరిగ్గా చేయలేకపోతుంటాడు. కుర్చీ వేసివ్వండి. ఎందుకని మాత్రం అడక్కండి.