తగ్గించుకోవలసింది ఎవరు?

"తగ్గించుకో" అనే మాట మన సంఘాలలో తరచుగా వినబడుతుంది. కూలి పెంచమని అడిగిన విశ్వాసికి, సంఘం లెక్కలు చూపమన్న యువకుడికి, భర్త కొడుతున్నాడని చెప్పుకున్న సహోదరికి అదే జవాబు. చిన్నబిడ్డలా నమ్మి ఊరుకోవాలట! ప్రభువు దీనత్వాన్ని బోధించాడు, కాదనము. అయితే ఆ మాట ఆయన ఎవరితో చెప్పాడో చూడమంటున్నాము.

మత్తయి 18వ అధ్యాయం తెరవండి. పరలోకరాజ్యంలో గొప్పవాడెవడని శిష్యులు అడిగారు. పెద్దపీట మీద కన్నున్నవారి ప్రశ్న అది. ప్రభువు ఒక చిన్నబిడ్డను పిలిచి వారి మధ్య నిలబెట్టాడు. ఆ రోజుల్లో బిడ్డ మాట ఎక్కడా చెల్లదు, బిడ్డకు హోదా లేదు. ఆ స్థానానికి దిగి రమ్మని ఆయన చెప్పింది గొప్పతనం కోరినవారికి. కింద ఉన్న బిడ్డను ఇంకా కిందికి దిగమనలేదు. అందరి మధ్యకు తెచ్చాడు. ఆ బిడ్డను చేర్చుకున్నవారు తనను చేర్చుకున్నట్టే అన్నాడు.

మనకు చిన్నబిడ్డ అంటే సండే స్కూలు గోడమీది బొమ్మ. తమిళనాడులోని ధర్మపురి వైపు చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. పుట్టిన ఆడబిడ్డలను చంపే దురాచారం ఉన్న ప్రాంతమది. అందుకే ప్రభుత్వం 1992లో సేలంలో మొదలుపెట్టిన ఊయల పథకాన్ని 2001లో ధర్మపురికీ తెచ్చింది. పెంచలేమనుకున్న బిడ్డను చంపకుండా ఆ ఊయలలో వదిలి వెళ్ళవచ్చు. 2001 జనగణనలో అక్కడ ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే, ఆడపిల్లలు 900 మంది కూడా లేరు. ప్రభువు మధ్యలో నిలబెట్టింది అలాంటి బిడ్డనే.

"గొప్పవాడెవడు" అనే ప్రశ్న ఎంత దూరం పోతుందో కూడా అదే ధర్మపురి చూపించింది. ఒక దళిత యువకుడు, ఒక వన్నియర్ యువతి పెళ్ళి చేసుకున్నారు. 2012 నవంబరు 7న యువతి తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సాయంత్రమే గుంపులు నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి దళితవాడల మీద పడి 250కి పైగా ఇళ్ళను దోచి తగలబెట్టాయి. మరుసటి ఏడు జులైలో ఆ యువకుడు రైలు పట్టాల పక్కన శవమై కనిపించాడు. కులం గొప్పతనం మామనూ మింగింది, అల్లుణ్ణీ మింగింది.

ఇది పొరుగు రాష్ట్రపు కథ మాత్రమేనా? 1985లో కారంచేడులో తాగే చెరువు నీళ్ళు పాడు చేయవద్దన్నందుకు మొదలైన గొడవలో ఆరుగురు మాదిగలను చంపారు. 1991లో చుండూరులో, సినిమా హాలులో కాలు తగిలిందన్న గొడవ ఎనిమిదిమంది దళితుల హత్యదాకా పోయింది. ఆ వాడలలో మన విశ్వాసులూ ఉన్నారు. మంచినీళ్ళు అడగడం పొగరైతే, సమరయ స్త్రీని నీళ్ళడిగిన ప్రభువును ఏమందాము? నలిగినవాడి ముందు నిలబడి దీనత్వం మీద ప్రసంగం చేయడం నలిపినవాడికి చేసే సేవ.

"సంఘానికి ఆత్మల రక్షణ చాలు, కుల గొడవలు ఎందుకు?" అనే పెద్దలున్నారు. అదే అధ్యాయం ఇంకాస్త చదవమని వారిని వినయంగా కోరుతున్నాము. చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచినవాడికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయడమే మేలని చెప్పింది ప్రభువే.

చిన్నబిడ్డ విశ్వాసం నోరు మూసుకునే విశ్వాసం కాదు. బిడ్డ ఆకలేస్తే ఏడుస్తుంది, అర్థంకాకపోతే ఎందుకని అడుగుతుంది. తండ్రి వింటాడని నమ్మకం ఉంది గనుకనే ఏడుస్తుంది. ఎవరు పెట్టినా ముద్ద తింటుంది. కులమేమిటో మనం నేర్పేదాకా దానికి తెలియదు.

ప్రియ యువతీ యువకులారా, తగ్గింపు మన ఇళ్ళలోనే మొదలు కావాలి. క్రైస్తవ పెళ్ళి ప్రకటనలో కులం పేరు ఎందుకుందని మీ అమ్మానాన్నలను అడగండి. సంఘ కమిటీలో ఏళ్ళ తరబడి ఒకే ఇంటివారు ఎందుకున్నారో అడగండి. ఆడపిల్ల పుట్టిన ఇంటికి ముందుగా వెళ్ళి స్తుతి ప్రార్థన చేయండి. ఎవరైనా మీతో "తగ్గించుకో" అంటే, మత్తయి 18 తెరిచి వారి చేతికివ్వండి.